చివరి స్టాపు పెద్దమ్మ

మా పెద్దమ్మ కొత్త బట్ట కుట్టదు. ఎవరైనా గుడ్డ పట్టుకొచ్చి చొక్కా కుట్టమంటే, "నాకు చేతకాదు, పై వీధిలో కుట్టేవాళ్ళు బోలెడుమంది" అని మొహం మీదే చెప్పేస్తుంది. ఆవిడ పని బట్టలు సరిచేయడం. ఒళ్ళొచ్చినవాళ్ళకి కుట్లు వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకి బిగిస్తుంది, అన్న ప్యాంటు తమ్ముడికి కురచ చేస్తుంది, పోయిన మొగుడి కోటుని పెళ్ళానికి సరిపెడుతుంది. నాలుగంతస్తుల మేడలో మెట్ల కింద సగం గది ఆవిడ దుకాణం. నిటారుగా నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది. కాబట్టి ఎంత గొప్పవాళ్ళొచ్చినా ఆవిడ ముందు వంగి నిలబడాల్సిందే. ఆ సంగతి ఆవిడకి మహా ఇష్టం.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కొలతలు కుదరలేదు" అనేది. మా అమ్మకి వేరే ఊళ్ళో ఉద్యోగం కావడంతో నేను పదో ఏట నుంచి పెద్దమ్మ దగ్గరే పెరిగాను. ఇప్పుడు ముప్ఫై దాటాను. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని నాది. ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నందుకు చుట్టాలు నన్ను జాలిగా చూస్తారు. చూడనీ.

ఆవిడకి కాలు ఒకచోట నిలవదు. ఆరు రోజులు మెట్ల కింద ముడుచుకుని కూర్చుంటుంది కాబట్టి, ఏడో రోజు, అంటే బుధవారం, ఊరు మీద పడాలి. దానికో పద్ధతి పెట్టుకుంది. అంతకుముందు ఎక్కని నంబరు బస్సు ఎక్కాలి. చివరి స్టాపు దాకా పోవాలి. దిగి ఓ గంట తిరిగి, ఎక్కడో ఒకచోట టీ తాగి, చీకటిపడకముందే ఇల్లు చేరాలి. చూడాల్సిన చోట్లేవీ చూడనక్కర్లేదు, వాటిని చూసే జనం వేరే ఉన్నారంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఇద్దరం తిరుగుతూనే ఉన్నాం, ఈ ఊరికి చివరలు అయిపోలేదు. ఒకసారి డ్రైవరు మమ్మల్ని మరిచిపోయి బస్సుతో సహా డిపోలో పెట్టి తాళం వేసుకుపోయాడు. ఇంకోసారి దారితప్పి సబ్బుల ఫ్యాక్టరీలోకి వెళ్తే, కొత్తగా పనిలో చేరినవాళ్ళమనుకుని నెత్తిన టోపీలు పెట్టారు. పెద్దమ్మ కిక్కురుమనకుండా అరగంట సబ్బులు పేర్చి మరీ బయటికొచ్చింది. అందుకే చుట్టాల్లో ఆవిడకి చివరి స్టాపు పెద్దమ్మ అని పేరు.

నవ్వుకునేది ఇంతవరకే. పోయిన వానాకాలం నుంచి జరిగింది వేరు.

ముందు ఒక సంగతి చెప్పాలి. బట్టలు సరిచేసేవాళ్ళు కుట్టు లోపల, పైకి కనబడనిచోట, తమదంటూ ఒక గుర్తు వేసుకుంటారు. రేపు ఎవరైనా వచ్చి "నువ్వే పాడుచేశావు" అని గొడవకి దిగితే, లోపలి వైపు తిప్పి చూసి, ఇది నా కుట్టు, అది నాది కాదు అని తేల్చడానికి. పెద్దమ్మ గుర్తు పసుపు దారంతో మూడు ఏటవాలు కుట్లు. నలభయ్యేళ్ళుగా అదే. మూడో కుట్టు దగ్గర ఆవిడ చేయి కాస్త కుడికి లాగుతుంది. ఆ లాగుడు ఇంకెవరికీ రాదు.

వాన వెలిసిన ఓ బుధవారం ఊరికి ఉత్తరం చివర దిగాం. అక్కడ బస్సులన్నీ ఇంజన్లు ఆపేసి వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఎదురుగా ఒకే రంగు మేడలు, ఒకేలాంటి కిటికీలు. కొన్నింటికి ఇంకా తలుపులే పెట్టలేదు. స్టాపు పక్కన రేకుల కింద టీ కొట్టు ఉంది. మేం బల్ల మీద కూర్చున్నామో లేదో, కొట్టావిడ రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది. నాకు మామూలు టీ. పెద్దమ్మకి గ్లాసులో సగమే, చక్కెర లేకుండా. ఆవిడ తాగేది అలాగే. కానీ మేమింకా నోరు తెరిచి ఏమీ అడగలేదు.

"ఇవాళ మనిషిని కూడా తెచ్చుకున్నారే," అంది కొట్టావిడ నన్ను చూస్తూ.

"మమ్మల్ని చూసి ఎవరో అనుకుంటున్నావమ్మా. మేమిక్కడికి రావడం ఇదే మొదలు," అంది పెద్దమ్మ.

కొట్టావిడ పకపకా నవ్వింది. "మీ పరాచికాలు మీరూను! ఇదిగో, మొన్న మీరు కూర్చుని కుట్టిచ్చిన చెయ్యి. ఉతికినా చెక్కుచెదర్లేదు," అంటూ తను వేసుకున్న స్వెట్టరు చెయ్యి ముందుకు చాపింది.

పెద్దమ్మ ఆ చెయ్యి అంచుని లోపలి వైపుకి తిప్పింది. పసుపు దారం, మూడు కుట్లు. మూడోది కుడికి లాగి ఉంది. పెద్దమ్మ దాన్ని బొటనవేలితో రెండుసార్లు తడిమింది. తర్వాత ఆ చెయ్యిని, అరువు తెచ్చిన గిన్నె తిరిగిచ్చేసినట్టు, జాగ్రత్తగా ఆవిడకే వదిలేసింది. టీ తాగకుండానే లేచాం.

తిరుగు బస్సులో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత తనే మొదలెట్టింది.

"మా అమ్మ ఎలా పోయిందో నీకు తెలుసా?"

"జబ్బు చేసి పోయిందన్నావుగా."

"పోయిందన్నాను. చచ్చిపోయిందనలేదు. మధ్యాహ్నం పూట ఇంట్లో చెప్పులతోనే, ఖాళీ పాలగిన్నె పట్టుకుని బయటికెళ్ళింది. మళ్ళీ రాలేదు. అంతకుముందు రెండేళ్ళ నుంచీ నన్ను అడుగుతూనే ఉండేది, నాకేమవుతోందే, నేను సరిగ్గానే ఉన్నానా అని. నేను ఏం లేదమ్మా, అందరూ మరిచిపోతారు, నువ్వు బాగానే ఉన్నావు అనేదాన్ని. చెప్పుంటే జాగ్రత్తపడేదేమో. జేబులో చీటీ పెట్టుకునేది. తలుపుకి గడియ పెట్టమనేది. ఆవిడ సంగతి ఆవిడకే తెలీకుండా చేశాను." కిటికీలోంచి చూపు తిప్పకుండా నా చెయ్యి పట్టుకుంది. "నాకలా అయితే నువ్వు చెప్పాలి. నేను ఏడ్చినా, నిన్ను తిట్టినా సరే, దాచకూడదు. మాటివ్వు."

ఇచ్చాను. ఎంత సులువుగా ఇచ్చానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రాత్రే ఆవిడ గుర్తు మార్చేసింది. నీలం దారంతో ఒకే ఒక్క ముడి, మడత ఎడమ చివర. "ఇది నాకూ నీకూ తప్ప మూడో మనిషికి తెలీదు. ఎవరో నా చేతిని దొంగిలిస్తున్నారు, పట్టుకుందాం," అంది. మొదటి బుధవారం ఇంకో చివరకి వెళ్ళాం, మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టలేదు. పెద్దమ్మ చిన్నపిల్లలా సంబరపడింది. వారం ఆగి తూర్పు చివరకి వెళ్ళాం. దిగీ దిగగానే స్టాపులో పడుకున్న ఓ నల్లకుక్క లేచి, ఇంతమందిలో తిన్నగా పెద్దమ్మ దగ్గరకొచ్చి, ఆవిడ చేతికింద తల పెట్టింది. పెద్దమ్మ చెవి వెనక గోకింది. దానికి అక్కడ గోకితే ఇష్టమని ఆ వేళ్ళకి ముందే తెలిసినట్టుంది. ఆవిడ తన చేతిని తనే చూసుకుని, చటుక్కున వెనక్కి లాక్కుంది.

పక్కనే మంగలి దుకాణం. ఆయన గుమ్మంలోకొచ్చి కుర్చీ జరిపాడు. "రండి, ఎండగా ఉంది. మీ సూదిపెట్టె ఆ మేకుకే తగిలించా." ఆయన కట్టుకున్న తెల్ల గుడ్డ అంచు కొత్తగా మడిచి కుట్టి ఉంది. నేను చూడొద్దనుకుంటూనే ఎడమ చివర చూశాను. నీలం ముడి ఉంది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. పెద్దమ్మ మాత్రం ఆయనకి వినయంగా దండం పెట్టి, వెనక్కి తిరిగి, వచ్చిన బస్సే మళ్ళీ ఎక్కింది. కుక్క బస్సు వెనక కొంతదూరం పరిగెత్తింది.

మర్నాడు నేను మధ్యాహ్నం సెలవు పెట్టి దుకాణానికి వెళ్ళాను. మెట్ల కింద తలుపుకి తాళం. ఎదుటి అరుగు మీద తాళాలు బాగుచేసే తాత కూర్చునుంటాడు. ఆయన నన్ను చూసి తలూపాడు.

"ఇప్పుడే వెళ్ళిందమ్మా. రోజూ పన్నెండున్నరకి వెళ్తుంది, నాలుగున్నరకి వస్తుంది. ఆర్నెల్లయింది. నీకు తెలుసనుకున్నా."

"ఎక్కడికని ఎప్పుడైనా అడిగావా తాతా?"

"మొదట్లో అడిగాను. నన్ను ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, మర్యాదగా నవ్వి పోయింది. ముప్ఫయ్యేళ్ళుగా ఎదురెదురు కూర్చున్నాం. బాధేసి మళ్ళీ అడగలేదు."

ఆ మర్నాడు నేనే వెంట వెళ్ళాను. బస్సులో వెనక సీట్లో కూర్చుని, ముందు సీట్లో పెద్దమ్మ వీపు చూస్తూ పోయాను. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో మెట్టుకో మూలుగు మూలిగే మనిషి, చివరి స్టాపులో ఠక్కున దూకి దిగింది. అక్కడ నలుగురూ ఆవిడ కోసమే చూస్తున్నట్టున్నారు. ఒకరు గుండీ ఊడిన కోటు, ఒకరు చిరిగిన గొడుగు ఇచ్చారు. ఆవిడ కాలరుకి గుచ్చుకున్న సూది తీసి బల్ల మీద కూర్చుంది. నవ్వుతోంది. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. పెద్దమ్మది మూతి బిగించి నవ్వే నవ్వు, ఈవిడ నోరంతా తెరిచి నవ్వుతోంది. నడక వేరు, మెడ తిప్పడం వేరు, చేతిలో కుట్టు ఒక్కటే అదే.

నేను స్తంభం వెనక నిలబడిపోయాను. పిలవొచ్చు. పది అడుగులు కూడా లేవు. కానీ పిలిస్తే తలెత్తి, నువ్వెవరమ్మా అంటుందేమోనని నాకు చచ్చేంత భయమేసింది. అందుకని పిలవకుండా తర్వాతి బస్సెక్కి పారిపోయి వచ్చాను.

సాయంత్రం ఆవిడ వంటింట్లో నడుము పట్టుకుని కూర్చునుంది. "పొద్దుట్నుంచీ దుకాణంలోంచి కదల్లేదే, నడుం పట్టేసింది," అంది. అబద్ధం కాదు. ఆవిడకి తెలిసిన నిజమే చెప్పింది. తర్వాత నా మొహం చూసి, చేతిలో గరిటె కింద పెట్టింది.

"నీకేదో తెలిసింది. చెప్పు. నేనేనా?"

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ నావైపే చూస్తోంది. నలభయ్యేళ్ళు సూది పట్టిన వేళ్ళు బల్ల అంచుని పట్టుకుని తెల్లబడిపోయాయి. నాకు చేతకాలేదు. ఇంతకంటే వేరే సాకు లేదు.

"నువ్వు కాదు పెద్దమ్మా. చూసొచ్చాను. ఎవరో ఇంకో ఆవిడ. అచ్చం నీలాగే ఉంటుంది. నువ్వు పని నేర్చుకున్న మాస్టారి దగ్గరే నేర్చుకుందేమో, కుట్టు కూడా నీదే."

"మరి నీలం ముడి?"

"నువ్వు సరిచేసిన బట్ట ఏదో ఆవిడ చేతిలో పడుంటుంది. చూసి వేస్తోంది."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రి రెండు పూటల తిండి ఒకేసారి తింది, గోడవైపు తిరిగి హాయిగా నిద్రపోయింది. పొద్దున్నే లేచి నా మంచం మీద కూర్చుంది. "గుర్తొచ్చిందే. మాస్టారి దగ్గర నాతోపాటు ఒకమ్మాయి ఉండేది. కిటికీ పక్కన కూర్చునేది. మమ్మల్ని చూసి అందరూ అక్కాచెల్లెళ్ళా అనేవారు. అదే అయ్యుంటుంది," అంది.

మాస్టారి దగ్గర మగపిల్లలు తప్ప వేరే అమ్మాయే లేదని, తనొక్కతే ఆడపిల్లనని, ఈ పెద్దమ్మే నాకు వందసార్లు గొప్పగా చెప్పింది. నేను కల్పించిన మనిషికి ఆవిడ అప్పుడే ఒక కిటికీ, ఒక కుర్చీ ఇచ్చేసింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. రేపు చెబుదాం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చెబుదాం, బుధవారం బస్సులో చెబుదాం అనుకుంటూ నెలలు జరిపాను. డాక్టరు దగ్గరికి రమ్మంటే, "నాకేం రోగం? నువ్వే కదా చూసొచ్చావు," అనేది. తాళాల తాతని మాత్రం ఓ కంట కనిపెట్టి ఉండమన్నాను, ఆవిడ జేబులో మా చిరునామా రాసిన చీటీ పెట్టాను. రోజూ నాలుగున్నరకి వచ్చేస్తోంది కదా అని సరిపెట్టుకున్నాను.

ఇంట్లో మాత్రం చిన్న చిన్న తేడాలు మొదలయ్యాయి. చక్కెర డబ్బా మూత తీసేముందు నావైపు చూసి "తీయనా?" అనేది. మంచం మధ్యలో కాకుండా అంచున పడుకునేది. పొద్దున్నే దుప్పటి ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళలా నాలుగు మడతలు పెట్టి తలగడ మీద ఉంచేది. ఒకరోజు అద్దం ముందు నిలబడి, "ఈవిడ బట్టలు నాకు బాగానే పట్టాయి," అంది. నన్ను ఆటపట్టిస్తోందని నవ్వాను. నవ్వితే అది సరదా అయిపోతుందనుకున్నాను.

పోయిన నెలలో ఒకరోజు నాలుగున్నరకి రాలేదు. తాత అయిదింటికి మా దుకాణానికి ఫోన్ చేశాడు. నేను పని బట్టలతోనే పరిగెత్తాను. ఉత్తరం చివర టీ కొట్టావిడ రాలేదంది. తూర్పు చివర మంగలి, వచ్చి వెళ్ళిపోయిందన్నాడు, సూదిపెట్టె కూడా పట్టుకుపోయిందట. నల్లకుక్క కూడా లేదు. ఎవరో కండక్టరు ఫలానా బస్సులో చూశానంటే అదెక్కాను. ఆ నంబరు మేమిద్దరం ఎప్పుడూ ఎక్కనిది. బాగా చీకటిపడ్డాక చివరి స్టాపు వచ్చింది. అది పేరుకే స్టాపు. రోడ్డు అక్కడితో ఆగిపోయి, అవతల కంకర కుప్పలున్నాయి. దీపస్తంభం కింద ఒక బల్ల ఉంది. బల్ల మీద పెద్దమ్మ, ఆవిడ కాళ్ళ దగ్గర కుక్క. ఒళ్ళో కండక్టరు తోలుసంచీ పెట్టుకుని పట్టీ కుడుతోంది. మాకంటే ముందొచ్చి ఆగిన బస్సు కండక్టరు పక్కన నిలబడి చూస్తున్నాడు.

నన్ను చూసి ఆవిడ నోరంతా తెరిచి నవ్వింది. "రామ్మా, కూర్చో. ఏం సరిచేయాలి?"

"పెద్దమ్మా, ఇంటికి పోదాం."

నావైపు కాసేపు చూసింది. ఆ చూపులో జాలి తప్ప ఇంకేమీ లేదు. "నువ్వు ఆవిడ కోసం వచ్చావు కదూ? మేమిద్దరం అచ్చం ఒకేలా ఉంటామట. వాళ్ళ పిల్ల చెప్పింది. పాపం, ఇన్నాళ్ళూ ఆవిడ ఇంట్లో తిన్నాను, ఆవిడ మంచం మీద పడుకున్నాను. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు, మంచిపిల్ల. కానీ ఎన్నాళ్ళని ఉంటాం? ఆవిడ వచ్చేస్తే బాగుండదు కదా. అందుకే వచ్చేశాను."

నేను కంకరలో మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని మొత్తం చెప్పాను. ఇంకో ఆవిడ లేదని, నేను అబద్ధమాడానని, రోజూ వెళ్ళేది నువ్వేనని, మీ అమ్మకి వచ్చిందే నీకూ వచ్చిందని. మాటిచ్చినట్టే ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా చివరిదాకా విని నా కళ్ళు తుడిచింది.

"ఇలా అవుతోందని ఆవిడకి తెలుసా? ఎవరైనా చెప్పారా?"

"చెప్పలేదు."

"చెప్పాల్సిందమ్మా," అంది. కోపంగా కాదు. దారం పంటితో కొరికి, పట్టీ లాగి చూసి, సంచీ కండక్టరు చేతికిచ్చింది.

నేనొచ్చిన బస్సు డిపోకి వెళ్ళిపోయింది, ఆ కండక్టరు బస్సే ఊళ్ళోకి తిరిగి వెళ్ళేది, తర్వాత ఇంకోటి లేదు. ఆయన ఎక్కి ఒకసారి గంట కొట్టాడు. బతిమాలాను, చెయ్యి పట్టి లాగాను, ఆవిడ బల్ల వదల్లేదు. ఎవరింటికో పిలవకుండా ఎలా వస్తానంది. ఆయన రెండోసారి గంట కొట్టాడు. అప్పుడు నేను లేచి, కళ్ళు తుడుచుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా పెద్దమ్మని మీరని పిలిచాను.

"ఆవిడ వచ్చేదాకా మీరు మా ఇంట్లో ఉండండి. నేనే పిలుస్తున్నాను."

ఆవిడ ఆలోచించింది. సూదిపెట్టె మూసి, లేచి, కుక్క తల నిమిరి నా వెంట నడిచింది. బస్సు మెట్టు మీద కాలు పెట్టి మళ్ళీ ఆగింది.

"ఆవిడ ఏమీ అనుకోదు కదా?"

"అనుకోదండీ," అన్నాను.